అరవైల లైవ్ రికార్డుల్లో ముందు ఏది? వంత పాడేవాళ్లని బట్టి ఎంచుకోండి

మా బావమరిది రాజమండ్రిలో ఉంటాడు. ఈమధ్య మంచి హెడ్‌ఫోన్స్ కొన్నాడు. కొన్నప్పటి నుంచి నాకు ఒకటే ఫోన్లు. "బావా, నువ్వెప్పుడూ సోల్, బ్లూస్ అని ఊదరగొడతావు కదా, ఏదో ఒకటి చెప్పు వింటాను. పది పేర్లు చెప్పి చంపకు. ఒక్కటే చెప్పు" అన్నాడు. నేను ఒక్కటి చెప్పలేకపోయాను. "అది బాగుంటుంది, కానీ..." అంటూ అరగంట నసిగాను. ఆ నసుగుడునే కాస్త కుదురుగా ఇక్కడ రాస్తున్నాను.

ఇలా నసగడానికి కారణం ఉంది. నేను ఈ సంగీతంలోకి తప్పు గుమ్మంలోంచి వచ్చాను. ఎవరో గొప్పదంటే క్రీమ్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల లైవ్ రికార్డు పెట్టుకున్నాను. అందులో ఒక పాటలో డ్రమ్స్ ఆయన ఒక్కడే వాయిస్తూ పోతాడు. ఆ పాట మొత్తం 16 నిమిషాలు. అది అయ్యేలోపు నేను వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని తాగేసి కూడా వచ్చాను. "ఇది మనకి సెట్ కాదు" అని మూడేళ్లు ఆ దారికే పోలేదు. రికార్డు తప్పేమీ లేదు, వరస తప్పింది. అదే రికార్డు ఇప్పుడు నాకు ప్రాణం.

సోల్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే, అమెరికాలోని నల్లజాతి చర్చిల్లో దేవుడి కోసం పాడే పాటని అదే గొంతుతో, అదే ఆవేశంతో ప్రియురాలి కోసం పాడటం. బ్లూస్ దానికంటే పాతది. మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), పన్నెండు బార్లు (తాళం ఆవర్తాలు), ఒక కష్టం. ఆ బ్లూస్‌ని ఎలక్ట్రిక్ గిటార్లతో గట్టిగా, పొడుగ్గా సాగదీస్తే బ్లూస్ రాక్. అరవైల్లో ఈ మూడూ ఒకే దశాబ్దంలో, ఒక్కోసారి ఒకే స్టేజీ మీద వినిపించాయి.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికంటే ముఖ్యమైనది వంత. బుర్రకథ చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కథకుడు ఎంత మొనగాడైనా పక్కన ఇద్దరు "తందాన తాన" అనకపోతే కథ నడవదు. ఈ లైవ్ రికార్డుల్లో ఆ పని చేసేది ప్రేక్షకులు. వాళ్లు ఎక్కడ అరిచారు, ఎక్కడ నవ్వారు, ఎక్కడ నోరు మూసుకున్నారు అన్నదాన్ని బట్టే పాట సాగుతుంది, ఆగుతుంది, మలుపు తిరుగుతుంది. మన పద్యనాటకాల్లో "వన్స్ మోర్" అంటే చచ్చినట్టు పడి ఉన్న పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం ఎత్తుకునేదని పెద్దవాళ్లు చెబుతుంటారు కదా, ఇదీ ఆ బాపతే. అందుకే "ఎవరు గొప్ప గాయకుడు?" అని కాకుండా "నేను ఎవరి మధ్య కూర్చోవాలి?" అని అడగండి. ఎంపిక సగం తేలిపోతుంది.

రెండోది, మీకు గొంతు కావాలా, గిటార్ కావాలా. దీంట్లో మొహమాటం వద్దు. గొంతు కోసం వచ్చినవాళ్లకి పది నిమిషాల గిటార్ సోలో శిక్షలా ఉంటుంది.

మూడోది ఓపిక. అరగంటలో అయిపోయేవి ఉన్నాయి, ఒక్క పాటే పావుగంట దాటేవీ ఉన్నాయి.

నాలుగోది శబ్దం. అరవైల మొదట్లోని టేపుల్లో బేస్ గిటార్ వెతుక్కోవాలి, ట్రంపెట్లు ఒక్కోసారి చెవిలో గుచ్చుకుంటాయి. 1967, 68 వచ్చేసరికి ఎనిమిది ట్రాకుల మీద, అంటే గొంతునీ వాద్యాల్నీ వేర్వేరుగా, రికార్డు చేయడం మొదలై అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. శుభ్రంగా ఉందని మాత్రం ఎంచుకోకండి. నాకు బాగా నచ్చిన రికార్డు ఈ లెక్కన కింద నుంచి రెండోది.

చివరిది, అసలు అది లైవేనా? నవ్వులాట కాదు, దీని సంగతి కింద చెబుతాను.

| రికార్డు | ఎక్కడ, ఎప్పుడు | ముందుండేది | వంత ఎవరిది | ఎంత ఓపిక కావాలి |
|---|---|---|---|---|
| జేమ్స్ బ్రౌన్, లైవ్ ఎట్ ది అపోలో | న్యూయార్క్, 1962 అక్టోబర్ | గొంతు, బ్యాండ్ | థియేటర్ నిండా కేకలు | అరగంట |
| సామ్ కుక్, హార్లెమ్ స్క్వేర్ క్లబ్ | మయామి, 1963 జనవరి | గొంతు | క్లబ్బంతా కలిసి పాడుతుంది | 40 నిమిషాల లోపు |
| బి.బి. కింగ్, లైవ్ ఎట్ ది రీగల్ | షికాగో, 1964 నవంబర్ | గొంతు, గిటార్ సమానం | ప్రతి మాటకీ జవాబు | అరగంట పైన |
| ఓటిస్ రెడ్డింగ్, జిమీ హెండ్రిక్స్, మాంటెరే | కాలిఫోర్నియా, 1967 జూన్ | ఒక వైపు గొంతు, ఒక వైపు గిటార్ | కొత్తగా వినే తెల్ల కుర్రకారు | వైపుకి దాదాపు 20 నిమిషాలు |
| క్రీమ్, వీల్స్ ఆఫ్ ఫైర్ లైవ్ భాగం | శాన్ ఫ్రాన్సిస్కో, 1968 మార్చి | గిటార్, బేస్, డ్రమ్స్ | దాదాపు ఎవరూ లేరు | చాలా |

జేమ్స్ బ్రౌన్: అరుపులే తాళం

1962 అక్టోబర్ 24, బుధవారం. క్యూబా చుట్టూ అమెరికా నౌకాదళం దిగ్బంధం అమల్లోకి వచ్చిన రోజు. అణుయుద్ధం వస్తుందేమోనని ప్రపంచం టెన్షన్‌తో ఉంది. న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో జనం మాత్రం సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ కోసం గొంతులు చించుకుంటున్నారు.

ఆయన కంపెనీ కింగ్ రికార్డ్స్. దాని యజమాని సిడ్ నేథన్‌కి ఈ రికార్డు చేయడం ఇష్టం లేదు. అందరికీ తెలిసిన పాటల్నే మళ్లీ స్టేజీ మీద పాడితే ఎవరు కొంటారని ఆయన లెక్క. బ్రౌన్ సొంత డబ్బు పెట్టి రికార్డు చేయించుకున్నాడు. 1963లో విడుదలైతే బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆల్బమ్ అమ్మకాల చార్టులో రెండో స్థానం దాకా వెళ్లి 66 వారాలు నిలిచింది. రేడియో వాళ్లు ఒక వైపు మొత్తం ఆపకుండా వేసేవారట.

మొత్తం అరగంటే. పాటకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చుకోనివ్వరు. అసలు విషయం "లాస్ట్ సమ్‌వన్" అనే పాట, పది నిమిషాల పైన. ఇందులో కథ ఏమీ నడవదు. బ్యాండ్ ఒకే చిన్న ముక్కని మెల్లగా తిప్పుతూ ఉంటుంది. బ్రౌన్ ఒక మాట అంటాడు, ఆగుతాడు. చీకట్లోంచి ఒక ఆడగొంతు అరుస్తుంది. మళ్లీ అదే మాటని ఇంకాస్త వంచి అంటాడు, ఈసారి నలుగురు అరుస్తారు. ఒకచోట ఊరికే అరిస్తే చాలదు, గట్టిగా అరవండి అని ఆయనే నేర్పిస్తాడు. ఆ అరుపులు తాళంలో పడుతున్నాయని నాలుగో నిమిషం దగ్గర మీకే తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఎల్పీలో (రెండు వైపులా తిప్పి వినే పెద్ద నల్ల రికార్డులో) ఈ పాట ఒక వైపు చివర తగ్గిపోయి రెండో వైపు మొదట్లో మళ్లీ అందుకుంటుంది. ఫోన్లో వినేవాళ్లకి ఆ బాధ లేదు కానీ షఫుల్ మాత్రం ఆపేయండి. యాప్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాట మొదట్లో కలిపేసే సెట్టింగు) ఉంటే అదీ తీసేయండి. ఈ రికార్డు మొత్తం ఒకే పాట అనుకుని వినాలి.

ఎవరికి పడదంటే, మాటలు విని అర్థం చేసుకుంటూ వినేవాళ్లకి. ఇక్కడ మాటలు తక్కువ, కేకలు ఎక్కువ.

సామ్ కుక్: 22 ఏళ్లు బీరువాలో

ఈ ఐదింట్లో నా ఓటు దీనికే. ముందే చెప్పేస్తే మీరు నా పక్షపాతాన్ని లెక్కేసుకుని చదువుకోవచ్చు.

సామ్ కుక్ చర్చి బృందంలో పాడి పేరు తెచ్చుకుని, ఆ తర్వాత పాప్ పాటలకి వచ్చాడు. రేడియోలో ఆయన గొంతు వెన్నపూసలా ఉంటుంది. ఆ సామ్ కుక్‌ని 1963 జనవరి 12న మయామిలో నల్లవాళ్ల పేట ఓవర్‌టౌన్‌లోని హార్లెమ్ స్క్వేర్ అనే క్లబ్బులో ఆర్‌సీఏ కంపెనీ వాళ్లు రికార్డు చేశారు. చేసి, విని, భయపడ్డారు. తెల్ల శ్రోతలకి అమ్ముకుంటున్న మెత్తని బొమ్మ దెబ్బతింటుందని టేపులు లోపల పెట్టేశారు. 1964 డిసెంబర్లో ఆయన చనిపోయాడు. ఈ రికార్డు బయటికొచ్చింది 1985లో.

ఆయన బతికుండగా వచ్చిన లైవ్ రికార్డు వేరే ఉంది. 1964లో న్యూయార్క్‌లోని కోపకబానా నైట్‌క్లబ్బులో చేసినది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. కోపకబానాలో కోటు గుండీ పెట్టుకున్న సామ్ కుక్, మయామిలో చొక్కా తడిసిపోయిన సామ్ కుక్. మనిషి ఒక్కడే, వంత పాడేవాళ్లు మారారు.

"బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్ టు మీ" ముందు ఆయన చేసే పని గమనించండి. పాట నేరుగా మొదలుపెట్టడు. అలిగిన అమ్మాయికి ఫోన్ చేసినట్టు కథ ఎత్తుకుంటాడు, ఫోన్లో ఆమెకి తన పాత హిట్టు ఒక ముక్క పాడి వినిపిస్తాడు. హరిదాసు అసలు కథ పక్కన పెట్టి పిట్టకథలోకి దిగి, నవ్వించి, ఎప్పుడు వెనక్కి తెచ్చాడో తెలియకుండా తెస్తాడు చూడండి, సరిగ్గా అది. అసలు పాట మొదలయ్యేసరికి క్లబ్బంతా ఆయన గుప్పిట్లో ఉంటుంది. వెనక కింగ్ కర్టిస్ శాక్సోఫోన్ గొంతుతో పోటీకి రాదు, గొంతుని ముందుకి తోస్తుంది.

శబ్దం గరుకుగా ఉంటుంది, ఒప్పుకోవాలి. మైకు ఒక్కోసారి గొంతుని మోయలేక చీలుతుంది. ఇంకో సంగతి, దీనికి ఒకటికి మించి మిక్సులున్నాయి, అంటే అదే టేపులోని శబ్దాల్ని హెచ్చుతగ్గులు మార్చి సర్దినవి. 1985 నాటిదాంట్లో జనం గోల బాగా వినిపిస్తుంది. 2000లో వచ్చిన బాక్స్ సెట్‌లో ఆ గోల తగ్గించారు. గొంతు స్పష్టంగా కావాలంటే అదీ పనికొస్తుంది కానీ, నన్నడిగితే వంత తీసేసిన బుర్రకథ అది. ఏది దొరికితే అది కాకుండా చూసి పెట్టుకోండి.

బి.బి. కింగ్: గిటార్ నేర్చుకునేవాళ్లు ఇక్కడ ఆగండి

గిటార్ క్లాసులకి వెళ్లే పిల్లలు స్పీడు మీద పడతారు. వాళ్ల చేత ముందు ఇది వినిపించాలి. 1964 నవంబర్ 21న షికాగో సౌత్ సైడ్‌లోని రీగల్ థియేటర్లో రికార్డు చేశారు, 1965లో విడుదలైంది. బి.బి. కింగ్ పాడేటప్పుడు వాయించడు, వాయించేటప్పుడు పాడడు. గొంతు ఆగినచోట గిటార్ అందుకుంటుంది. ఆ గిటార్ పేరు లూసిల్. అర్కాన్సాలో ఒక డ్యాన్స్ హాల్లో ఇద్దరు మగవాళ్లు కొట్టుకుని కిరోసిన్ పొయ్యి తన్నేస్తే హాలు అంటుకుంది. బయటికొచ్చిన కింగ్ మళ్లీ మంటల్లోకి పరిగెత్తి గిటార్ తెచ్చుకున్నాడు. ఆ ఇద్దరూ కొట్టుకున్నది లూసిల్ అనే అమ్మాయి కోసమని తర్వాత తెలిసింది. మళ్లీ అలాంటి తెలివితక్కువ పని చేయకూడదని గుర్తుగా గిటార్‌కి ఆ పేరే పెట్టుకున్నాడు.

అంటే లూసిల్ వాద్యం కాదు, వంత. ఒక వాక్యం పాడతాడు, లూసిల్ "అవునవును" అంటుంది. నాలుగంటే నాలుగు స్వరాలు. ఒక స్వరాన్ని వేలితో వణికించి వదిలేస్తాడు, హాలు మూలుగుతుంది.

"హౌ బ్లూ కెన్ యూ గెట్" దగ్గర ఒక్క నిమిషం మనసు పెట్టి వినండి. ఇంటాయన ఇంటావిడ మీద ఫిర్యాదుల జాబితా చదువుతున్నట్టు ఉంటుంది. కొత్త ఫోర్డ్ కారు కొనిస్తే కాడిలాక్ కావాలంది. భోజనం పెట్టిస్తే ఇది చిరుతిండంది. ఒక్కొక్కటీ పెరుగుతూ పోతుంది, బ్యాండ్ ప్రతి ఫిర్యాదుకీ ఒక గుద్దు గుద్దుతుంది. ఆఖరున, ఏడుగురు పిల్లల్ని ఇస్తే వాళ్లనీ వెనక్కి ఇచ్చేస్తానంటోందని చెప్పగానే రీగల్ పైకప్పు లేచిపోతుంది. ఆడవాళ్లే ఎక్కువ అరుస్తారు. ఎవరి పక్షాన అరుస్తున్నారో చెప్పలేం, అదే దాని అందం.

ఇంగ్లీషు మాటలు పట్టుకోవడం కష్టమనుకునేవాళ్లకి కూడా ఇది తేలిక. కింగ్ ఉచ్చారణ స్పష్టంగా ఉంటుంది, తొందర లేదు. శబ్దం కూడా ఆ కాలానికి శుభ్రమే. ఇంట్లో పెద్దవాళ్లు హాల్లో కూర్చున్నప్పుడు స్పీకర్లో పెట్టదగ్గది ఈ ఐదింట్లో ఇదొక్కటే. మా మావగారు పేపర్ చదువుతూ వాల్యూమ్ తగ్గించమనలేదంటే చూసుకోండి.

లోటు చెప్పాలంటే, ఇది మిమ్మల్ని కుర్చీలోంచి లేపదు. తల ఊపిస్తుంది, అంతే.

మాంటెరే: ఒకే పళ్లెంలో రెండు వంటలు

సోల్ కావాలా, బ్లూస్ రాక్ కావాలా తేల్చుకోలేనివాళ్ల కోసమే అన్నట్టు ఒక ఎల్పీ ఉంది. 1970 ఆగస్టులో రిప్రైజ్ కంపెనీ వేసింది. 1967 జూన్ 16 నుంచి 18 దాకా కాలిఫోర్నియాలోని మాంటెరేలో జరిగిన పాప్ ఫెస్టివల్ టేపులవి. ఒక వైపు జిమీ హెండ్రిక్స్ బృందం, రెండో వైపు ఓటిస్ రెడ్డింగ్. హెండ్రిక్స్ పక్కన బేస్ వాయించినాయన పేరు నోయెల్ రెడ్డింగ్. ఇద్దరి ఇంటిపేరూ రెడ్డింగే, చుట్టరికం మాత్రం లేదు.

ఓటిస్ సంగతి ముందు. అప్పటిదాకా ఆయన్ని వినేది ఎక్కువగా నల్లవాళ్లే. మాంటెరేలో ముందు కూర్చున్నది జుట్టు పెంచుకుని పూలు పెట్టుకున్న తెల్ల కుర్రకారు. శనివారం, 17వ తేదీ, రాత్రి బాగా పొద్దుపోయాక స్టేజీ ఎక్కాడు. మీరంతా ప్రేమ మనుషులట కదా, అంటూ పాటల మధ్యలో వాళ్లని ఆటపట్టిస్తాడు. "రెస్పెక్ట్" పాడేముందు ఈ పాటని ఒకమ్మాయి నా దగ్గర్నుంచి ఎత్తుకుపోయిందని చెబుతాడు. ఆ అమ్మాయి అరీతా ఫ్రాంక్లిన్. పాట రాసింది ఓటిస్, 1965లో. ఆ జూన్‌లో చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది మాత్రం అరీతా పాడినది. ఓటిస్ గొంతులో కోపం లేదు, కొంచెం గర్వం ఉంది, కొంచెం ఉడుకుమోత్తనం ఉంది.

పాడినవి ఐదే పాటలు, ఐదూ రికార్డులో ఉన్నాయి. ఆఖరిది "ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్". మొదట లాలిపాటలా ఉంటుంది. డ్రమ్స్ వాయించే ఆల్ జాక్సన్ అంచు మీద కర్రతో టిక్ టిక్ అని గోడగడియారంలా కొడుతుంటాడు. ఆ టిక్‌ని వదలకుండా వినండి. అది అలాగే ఉండగా పక్కన ఆర్గన్ వస్తుంది, స్టీవ్ క్రాపర్ గిటార్ వస్తుంది, బాకాలు వస్తాయి, ఓటిస్ తొందరపడుతుంటాడు. ఒక దగ్గర గడియారం పగిలిపోతుంది. అక్కణ్నుంచి పాట పరుగే. ఆపుతారు, మళ్లీ అందుకుంటారు, మళ్లీ ఆపుతారు. వెళ్లాలి, వెళ్లాలని లేదు అంటూనే వెళ్లిపోతాడు. అదే ఏడాది డిసెంబర్ 10న విస్కాన్సిన్‌లో ఆయన విమానం సరస్సులో కూలింది. వయసు 26. ఈ సంగతి తెలిశాక ఆ చివరి మాటలు మామూలుగా వినలేం.

హెండ్రిక్స్ మర్నాడు రాత్రి వాయించాడు. రాక్ వాడని మనం అనుకుంటాం కానీ, పేరు రాకముందు లిటిల్ రిచర్డ్, ఐస్లీ బ్రదర్స్ లాంటి సోల్ బృందాల వెనక నిలబడి గిటార్ వాయించిన మనిషి. అంటే ఆయనా ఒకప్పుడు వంతే. ఇక్కడ బి.బి. కింగ్ పాడిన "రాక్ మీ బేబీ"ని ఎత్తుకుని రెట్టింపు వేగంతో ఉరికిస్తాడు. రీగల్ రికార్డు వినొచ్చాక ఇది వింటే మూడేళ్లలో బ్లూస్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో చెవులకే తెలుస్తుంది.

ఆఖరి పాట "వైల్డ్ థింగ్" చివర గిటార్‌కి నిప్పు పెట్టాడు. ఆ ఆదివారం మధ్యాహ్నమే అదే స్టేజీ మీద రవిశంకర్ సితార్, అల్లా రఖా తబలా. వింటున్నవాళ్లలో హెండ్రిక్స్ కూడా ఉన్నాడు. రాత్రి గిటార్ తగలబెట్టడం తనని బాధపెట్టిందని రవిశంకర్ తర్వాత చెప్పాడు. హార్మోనియం పెట్టెకి కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ బాధ వివరించక్కర్లేదు. రికార్డులో మాత్రం మంట కనిపించదు కదా, చివరి నిమిషాలు ఊరికే గోలలా ఉంటాయి. వాటి కోసం సినిమా చూడాలి, పెన్నెబేకర్ 1968లో విడుదల చేసిన డాక్యుమెంటరీ ఉంది.

ఇక చిక్కేమిటంటే, ఈ ఎల్పీలో హెండ్రిక్స్ పాటలు నాలుగే. ఆ రాత్రి ఆయన వాయించింది తొమ్మిది. ఆయన కోసమే అయితే 2007లో వచ్చిన "లైవ్ ఎట్ మాంటెరే" తీసుకోండి. ఓటిస్ మీద మనసు పడితే ఐదు పాటలు ఆకలి తీర్చవు. అప్పుడు రెండు దారులు. అదే బృందంతో యూరప్‌లో చేసిన "లైవ్ ఇన్ యూరప్" ఒకటి, ఆయన బతికుండగా వచ్చిన లైవ్ ఆల్బమ్ అదొక్కటే. లాస్ ఏంజెలస్‌లోని విస్కీ ఎ గో గో క్లబ్బులో 1966 ఏప్రిల్‌లో తన సొంత బ్యాండుతో పాడినవి ఇంకొకటి. ఆ మూడు రాత్రుల ఏడు సెట్లూ ఆరు డిస్కులుగా 2016లో వచ్చాయి. అంత అక్కర్లేదు, కానీ ఒకే పాట రోజుకో రకంగా ఎలా మారుతుందో తెలుసుకోవాలనుకునే గాయకులకి అదొక బడి.

క్రీమ్: ముగ్గురూ కథకులే

ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్. 1968లో వచ్చిన "వీల్స్ ఆఫ్ ఫైర్" రెండు డిస్కుల ఆల్బమ్. ఒకటి స్టూడియోది, ఒకటి శాన్ ఫ్రాన్సిస్కోలో వాయించినది. లైవ్ డిస్కులో నాలుగే పాటలు.

ఇక్కడ వంత లేదు. ముగ్గురూ కథకులే, ముగ్గురూ ఒకేసారి కథ చెబుతారు. జనం పాట అయ్యాక చప్పట్లు కొట్టడమే తప్ప మధ్యలో కలగజేసుకోరు. పైన చెప్పినవి విని వచ్చినవాళ్లకి ఇది చలికాలం రాత్రి ఊరి బయటికి వచ్చినట్టుంటుంది.

అయినా "క్రాస్‌రోడ్స్" వినాలి. రాబర్ట్ జాన్సన్ 1936లో ఒక్క గిటార్‌తో పాడిన బ్లూస్‌ని వీళ్లు నాలుగు నిమిషాల్లో ఉరికించారు. క్లాప్టన్ సోలోలు రెండూ బిగువుగా ఉంటాయి, వృథా స్వరం లేదు. దాని తర్వాత "స్పూన్‌ఫుల్" పదహారు నిమిషాల పైనే. మొదటిసారి విన్నప్పుడు గిటార్ వదిలేసి బేస్ వెంట వెళ్లండి. జాక్ బ్రూస్ వెనకుండి తోడు ఇవ్వడు, ఎదురొచ్చి వాదిస్తాడు. ఆ వాదన పట్టుకుంటే పదహారు నిమిషాలు గడిచిపోతాయి. నన్ను టీకి పంపించింది ఆఖరి పాట "టోడ్". డ్రమ్స్ వాయించేవాళ్లు తప్ప మిగతావాళ్లు మొదటి నెల దాని జోలికి పోకండి.

లైవ్ అని ఉన్నవన్నీ లైవ్ కాదు

గాయని జానిస్ జాప్లిన్ పేరు ఇంకా రాలేదేమిటని అనుకుంటున్నారా? బిగ్ బ్రదర్ బృందంతో ఆమె పాడిన "చీప్ థ్రిల్స్" 1968లో చార్టు మొదటి స్థానంలో ఎనిమిది వారాలుంది. వింటే కచేరీలో కూర్చున్నట్టే ఉంటుంది. కానీ ఎక్కువ భాగం స్టూడియోలో చేసినదే. జనం గోల తర్వాత కలిపారు. నిజంగా జనం ముందు పాడింది "బాల్ అండ్ చైన్" ఒక్కటే. వంత పాడేవాళ్లని అద్దెకి తెచ్చినట్టన్నమాట. ఆల్బమ్ బాగుంటుంది, కాదనను. కానీ ఆమె గొంతుకి జనం అప్పటికప్పుడు ఎలా ఊగారో వినాలంటే "లైవ్ ఎట్ వింటర్‌ల్యాండ్ '68" వెతకండి. అది 1998లో బయటికొచ్చింది, కాస్త చిందరవందరగా ఉంటుంది, అసలు సరుకు.

మీరెవరైతే ఏది

పాడేవాళ్లు సామ్ కుక్‌తో మొదలుపెట్టండి, తర్వాత ఓటిస్. ముందు జేమ్స్ బ్రౌన్‌ని అనుకరించబోతే గొంతు పోతుంది.

గిటార్ వాళ్లకి వరస ముఖ్యం. రీగల్, ఆపైన మాంటెరేలో హెండ్రిక్స్, ఆపైన క్రాస్‌రోడ్స్. తిరగేసి వింటే బి.బి. కింగ్ చప్పగా అనిపిస్తాడు, నష్టం మీకే.

పొద్దున్నే వాకింగ్‌కో జిమ్‌కో వెళ్లేవాళ్లకి అపోలో. అరగంట లెక్క కూడా సరిపోతుంది.

మెట్రోలోనో ఆఫీసు బస్సులోనో వినేవాళ్లు మాంటెరేలో ఓటిస్ వైపు వినొచ్చు. మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేట దాటేలోపు అయిపోతుంది. హార్లెమ్ స్క్వేర్ మాత్రం ప్రయాణంలో వద్దు. బయటి చప్పుడులో క్లబ్బు చప్పుడు కలిసి రెండూ చెడతాయి.

ఎల్పీ ప్లేయర్ కొత్తగా కొని ఒకే ఒక్క రికార్డుకి డబ్బు పెట్టదలుచుకున్నవాళ్లకి నా సలహా రీగల్. సామ్ కుక్ నాకు ఎక్కువ ఇష్టమని చెప్పి కూడా ఇలా అంటున్నానేమిటంటే, ఇంట్లో పదిమంది మధ్య తిరిగే రికార్డుకి కాస్త సర్దుబాటు గుణం ఉండాలి.

మా బావమరిదికి కూడా అదే చెప్పాను. వారం తర్వాత రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "బావా, ఆ ఫిర్యాదుల పాట భలే ఉంది. మీ చెల్లెలికి ఒక్కో లైను తెలుగులో చెప్పి వినిపించాను" అన్నాడు. వెనక నుంచి చెల్లెమ్మ గొంతు వినిపించింది. "ఏడుగురా! ముందు ఈ ఒక్కడి హోంవర్కు సంగతి చూడమనండి అన్నయ్యగారూ." లైన్లో వాడి నవ్వు, దాని వెనకాల చిన్నగా లూసిల్.